టీకాకి ఎవరు ముందుకొచ్చారు, ఎవరు వెనక్కి తగ్గారు? మీ ఊరి సంగతి రాయండి

పాలకొల్లు పిల్ల | ఆగస్టు 3, రాత్రి 8:40

అందరికీ నమస్కారం అండి. నర్సింగ్ ఆఖరి ఏడాది చదువుతున్నాను. ప్రాజెక్టుకి నాకిచ్చిన అంశం "టీకా పట్ల ప్రజల సుముఖతపై వయసు, లింగం, విద్య, ఆదాయాల ప్రభావం". పేరు బరువుగా ఉంది గానీ లోపలున్నది చిన్న ప్రశ్నే. ఎవరు వేయించుకుంటారు, ఎవరు వద్దంటారు, ఎందుకు?

"చదువు పెరిగేకొద్దీ టీకా మీద నమ్మకం పెరుగుతుంది" అని మొదటి పేజీలో రాసేసుకున్నాను. తర్వాత మా ఇంట్లోవాళ్లనే లెక్కేసి చూస్తే తేడా కొట్టింది. మూడో తరగతితో బడి మానేసిన మా అమ్మమ్మ, 2021 మార్చి 1న 60 దాటినవాళ్లకి కోవిడ్ టీకా మొదలుపెడితే ఆ వారంలోనే వెళ్లి వేయించుకొచ్చింది. ఎంబీఏ చదివిన మా బాబాయి ఆర్నెల్లు ఏదో ఒక వంక చెప్పి తప్పించుకున్నాడు. పైగా రోజుకో వీడియో మా ఫ్యామిలీ గ్రూపులో పడేసేవాడు.

మీ ఊళ్లో ఎలా జరిగిందో చెప్పండి. కోవిడే కానక్కర్లేదు, పోలియో చుక్కలైనా సరే. పేర్లు మాత్రం వద్దు.

చెరువు గట్టు | రాత్రి 9:05

మాది ఉండి పక్కన. రొయ్యల చెరువుల మీద ఒడిశా కుర్రాళ్లు పదకొండు మంది ఉండేవారు. ఒక్కడు కూడా వద్దనలేదు. అయినా చాలా రోజులు ఒక్కడికీ పడలేదు. ఆధార్‌కి ఇచ్చిన నంబరు ఎప్పుడో మార్చేశారు, ఓటీపీ ఎవరి ఫోన్‌కి పోతుందో దేవుడికే తెలియాలి. మీ కాగితంలో వీళ్లు "వేయించుకోనివారు" అనే గడిలో పడతారు. చూసుకోండి.

లంక నర్సమ్మ | రాత్రి 10:22

పిల్లా, నేను ఊరూరా తిరిగి టీకాలు వేసే నర్సుని, ఏఎన్ఎమ్‌ని. ఇరవై రెండేళ్ల సర్వీసు, అందులో పద్నాలుగేళ్లు లంక ఊళ్లలోనే. ముందు మా బండారం చెప్తాను. 2021 జనవరి 16న దేశమంతా మొదలైనప్పుడు మొదటి వరస మాదే. అప్పటికి కొవాగ్జిన్ ఎంత పనిచేస్తుందో తేల్చే మూడో దశ పరీక్షల ఫలితాలు రాలేదు. సమ్మతి పత్రం మీద సంతకం పెట్టి వేయించుకోమన్నారు. మా సిబ్బందిలో "నువ్వు ముందు వేయించుకో, నేను చూస్తా" అని ఒకరినొకరు నెట్టుకున్నాం. రోజూ పిల్లల తొడలకి సూదులు పొడిచే చేతులే మావి! కాబట్టి భయపడేవాళ్లు అమాయకులు అని ఎక్కడా రాయకు.

ఇక ఊరి సంగతి. కోవిషీల్డ్ సీసాలో 10 డోసులు ఉంటాయి. మూత తెరిచాక నాలుగు గంటల్లో వాడేయాలి, లేదంటే పారబోయడమే. ఒకరోజు పొద్దున్న స్కూలు వరండాలో ఏడుగురు వచ్చి కూర్చున్నారు. ఏడుగురికోసం సీసా తెరిస్తే మూడు వృథా, వృథా అయితే పైనుంచి అడుగుతారు. "ఇంకో ముగ్గుర్ని పట్టుకురా" అని ఆశా వర్కరుని పంపాను. ఆవిడ తిరిగొచ్చేసరికి ఈ ఏడుగురిలో ఇద్దరు లేచిపోయారు. ఎందుకంటే అది ఏప్రిల్, దాళ్వా కోతలు. 45 దాటిన అందరికీ ఏప్రిల్ 1న తెరిచారు, అంటే మా వాళ్లకి నాలుగు డబ్బులు కనబడే రోజుల్లో.

వెళ్లిపోతున్నావిడని ఆపితే ఏమందో తెలుసా? "సూదంటే నాకు భయం లేదమ్మా, నలుగుర్ని కన్నాను. రేపు జ్వరమొస్తే రెండు రోజుల కూలి ఎవరిస్తారు?" అంది. నా సంచిలో పారాసిటమాల్ మాత్రలు ఉన్నాయి గానీ కూలి డబ్బులు లేవు కదా.

అప్పుడు మా డాక్టరు గారిని బతిమాలి ఒక శనివారం మధ్యాహ్నం నుంచి పెట్టించాను. మా పేటలో ఆదివారం చర్చికి వెళ్తారు, పనికి పోరు. జ్వరం వచ్చినా ఆ రోజు గడిచిపోతుంది. పాస్టరు గారు ముందువారమే ప్రార్థన అయ్యాక చెప్పారు. ఆ ఒక్కపూట ఐదు సీసాలు ఖాళీ చేశాం. అదే ఊరు, అదే చదువు, అదే ఆదాయం. రోజు మారింది, అంతే.

డేటా బాబు | ఆగస్టు 4, ఉదయం 7:15

అమలాపురం వాణ్ణి, ఉద్యోగం హైదరాబాద్‌లో. నర్సమ్మ గారు చెప్పినదానికి శాస్త్రంలో చోటు ఉంది. టీకాపై వెనకాడటాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ (డబ్ల్యూహెచ్ఓ) 2019లో ప్రపంచ ఆరోగ్యానికి ఉన్న పది ముప్పుల్లో ఒకటిగా చేర్చింది. దానికి మూడు మూలాలు చెప్తారు: టీకా మీద, వేసేవాళ్ల మీద నమ్మకం లేకపోవడం; "నాకేం కాదులే" అనే ధీమా; చేతికి అందకపోవడం. చెరువు గట్టు గారి కుర్రాళ్లది మూడోది.

అలాగని మిగతావి కొట్టిపారేయకూడదు. ఆడామగా తేడా తీసుకోండి. 2021 మధ్యలో దేశం మొత్తం మీద టీకా వేయించుకున్న ఆడవాళ్లు మగవాళ్ల కంటే తక్కువ. మన రాష్ట్రం, కేరళ లాంటి కొన్నిచోట్ల మాత్రం తిరగబడింది, ఆడవాళ్లే ఎక్కువ. ఇది ఊరికే జరగదు కదా.

చదువు విషయంలో నా మాట ఒకటే. పుకార్లు నమ్మింది ఎక్కువగా చదువు లేనివాళ్లే. చేదుగా ఉన్నా నిజం.

రిటైర్డ్ మాష్టారు | ఉదయం 9:48

డేటా బాబూ, నాయనా, నిదానం. 2021 మే నెలలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో కరోనాకి ఆనందయ్య ఇచ్చిన నాటు మందు కోసం బారులు తీరిన వాహనాలు టీవీలో చూశావా? మా వీధి నుంచి రెండు కార్లు వెళ్లాయి. ఒకదాంట్లో లెక్చరరు, ఇంకోదాంట్లో బ్యాంకు మేనేజరు. ఇద్దరూ అప్పటికి "టీకా మీద ఇంకా పరిశోధన కావాలి" అంటున్నవాళ్లే. వాళ్లకి కావలసిన పరిశోధన కృష్ణపట్నంలో దొరికిందేమో! "టీకా వేయించుకున్నవాళ్లు రెండేళ్లలో పోతారు" అని ఒక నోబెల్ శాస్త్రవేత్త పేరు తగిలించిన దొంగ కబురు మా రిటైర్డ్ టీచర్ల గ్రూపులో ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు. చదువు లేనివాడికి పుకారు చెవి దగ్గర ఆగుతుంది. చదువుకున్నవాడు దాన్ని పదిమందికి ఫార్వర్డ్ చేస్తాడు.

నా చిన్నప్పుడు సంగతి చెప్తాను. మశూచి అనేవారు కాదు, "అమ్మవారు పోసింది" అనేవారు. గుమ్మానికి వేపమండలు కట్టేవారు. టీకాలవాడు ఊళ్లోకి వస్తున్నాడంటే మా నాయనమ్మ మమ్మల్ని గడ్డిమేటు వెనక దాచేది. సూదికి భయపడి కాదు. ఇంటికి వచ్చిన అమ్మవారికి అడ్డం పడకూడదని ఆవిడ నమ్మకం. అయినా పొడిచేశారు లెండి, నా ముంజేతి మీద గుండ్రని మచ్చలు రెండు ఇప్పటికీ ఉన్నాయి. 1975 తర్వాత దేశంలో ఆ జబ్బు కనబడలేదు, 1980లో ప్రపంచంలోనే లేదని ప్రకటించారు.

ఆ నాయనమ్మే తర్వాత నా పిల్లల్ని తనే చంకనేసుకుని టీకాలకి తీసుకెళ్లింది. ఎవరూ పాఠం చెప్పలేదు. ఊళ్లో మచ్చల మొహాలు తగ్గిపోవడం కళ్లతో చూసింది. ఇప్పటి తల్లులు పోలియోతో కాలు ఈడ్చే పిల్లాణ్ణి చూడనే లేదు. మన దేశంలో ఆఖరి కేసు 2011 జనవరి 13న. జబ్బు కనబడకపోతే సూదే పెద్దగా కనబడుతుంది.

డేటా బాబు | ఉదయం 10:10

మాష్టారూ, "ఎక్కువగా" అన్నాను, "అందరూ" అనలేదు. కార్ల సంగతికి మాత్రం నోరెత్తను.

నర్సాపురం భాయ్ | ఉదయం 11:32

మాది ఇంకో కథ. ఆ ఏడాది రంజాన్ ఏప్రిల్ మధ్యలో మొదలైంది. సూదితో ఉపవాసం చెడదని పెద్దలు చెప్పారు, మసీదులోనూ చెప్పారు. అయినా మా అబ్బా లాంటివాళ్లు "ఉపవాసంలో జ్వరమొస్తే తట్టుకోలేం, పండగ వెళ్లాక వేయించుకుందాం" అన్నారు. న్యాయమైన మాటే. పండగ మే 14న. అప్పటికి టీకాలకి కటకట, రాష్ట్రంలో రెండో డోసు వాళ్లకే ముందు అన్నారు. కోవిషీల్డ్ రెండు డోసుల మధ్య ఎడం 12 నుంచి 16 వారాలకి పెంచింది కూడా ఆ వారమే. పెద్దాయన సిద్ధమయ్యేసరికి సీసా లేదు, సీసా వచ్చేసరికి ఈయన మనసు మారిపోయింది. చివరికి ఆగస్టులో వేయించాం. మా వాళ్లు వెనకబడ్డారని ఎవరో లెక్క కట్టారట. మతం వల్ల అంటారా, కేలండర్ వల్ల అంటారా?

కువైట్ కోనసీమ | మధ్యాహ్నం 1:50

నేను మలికిపురం వైపు నుంచి వచ్చి కువైట్‌లో ఇంటిపని చేస్తున్నాను. 2021లో సెలవుకి వచ్చి ఇరుక్కుపోయాను. మా ఊరికి కొవాగ్జిన్ వచ్చిన రోజు, వలంటీరు అబ్బాయి ఇంటికొచ్చి "రండక్కా" అన్నాడు. వెళ్లలేదు. మర్నాడు కోవిషీల్డ్ ఎక్కడుందని నేనే తిరిగాను. గల్ఫ్‌లో కొవాగ్జిన్ అప్పట్లో చెల్లేది కాదు మరి. డబ్ల్యూహెచ్ఓ దాన్ని గుర్తించింది ఆ ఏడాది నవంబరు 3న. అప్పటిదాకా ఆగితే నా ఉద్యోగం ఎవరిస్తారు?

పైదేశం వెళ్లేవాళ్లకి 28 రోజులకే రెండో డోసు వేయొచ్చని జూన్‌లో ఆర్డరు వచ్చింది. సర్టిఫికెట్ మీద పాస్‌పోర్టు నంబరు ఉండాలి. ఆ నంబరు ఎక్కించుకోవడానికి మూడుసార్లు తిరిగాను. ఒక అంకె తప్పుపడింది, మళ్లీ మొదలు.

ఇంతకీ ఆ అబ్బాయి తన కాగితంలో నా పేరు ఎదురుగా ఏం రాశాడో తర్వాత తెలిసింది. "నిరాకరించారు." టీకా కోసం ఆ మండలంలో నాకంటే ఎక్కువ తిరిగినవాళ్లు ఎవరైనా ఉన్నారా అండి?

పాలకొల్లు పిల్ల | మధ్యాహ్నం 2:30

అక్కా, ఈ ఒక్క పోస్టుతో నా రెండో పేజీ కూడా పోయింది. "అవును / కాదు" అని రెండే గడులు పెట్టాను.

యానాం వీధి | సాయంత్రం 5:18

మాది చిన్న ముక్క. మేం పుదుచ్చేరి కింద కదా. మీజిల్స్-రుబెల్లా టీకా స్కూళ్లలో మాకు 2017 ఫిబ్రవరిలో వేశారు, మీ ఆంధ్రాలో ఆగస్టులో. ఫిబ్రవరిలో మా వీధిలో పెద్ద రభస. "ముందు మన పిల్లల మీద ప్రయోగం చేస్తున్నారు" అని కొందరు ఆ రోజు పిల్లల్ని బడికే పంపలేదు. ఆగస్టులో వంతెన అవతల ఎదుర్లంకలో ఉన్న మా వదినకీ అదే అనుమానం. అప్పటికే టీకా పడిన మా వాడు వాళ్లింటికి వెళ్లి రెండ్రోజులు చెట్లెక్కి గంతులేసి వచ్చాడు. ఆవిడ ఇంకేం అడగలేదు, కూతురికి వేయించింది.

చెరువు గట్టు | సాయంత్రం 6:40

వయసు గురించి ఎవరూ రాయలేదు. మా నాన్నకి అప్పుడు 78. "కాటికి కాళ్లు చాపుకున్నవాణ్ణి, నాకెందుకురా, ఆ డోసు ఏ కుర్రాడికో వెయ్యండి" అనేవారు. భయం కాదు, మొండితనం కాదు, తన వంతు అయిపోయిందనే లెక్క. "నీకొస్తే మనవడికి అంటుతుంది" అని మా ఆవిడ అన్నాక చొక్కా వేసుకుని బండెక్కారు.

కుర్రాళ్లది ఇంకో తీరు. మొదటి డోసు పోటీపడి వేయించుకున్నారు. రెండోదానికి "కరోనా పోయింది కదన్నా". బాబు గారు చెప్పిన ధీమా ఇదే అనుకుంటా.

లంక నర్సమ్మ | రాత్రి 9:30

అవును, పెద్దవాళ్లకి "మీకోసం" అంటే కదలరు. తల్లులూ అంతే. 2021 జూన్‌లో ఐదేళ్లలోపు పిల్లలున్న తల్లులకి వయసుతో పని లేకుండా ముందు వేయమని మన రాష్ట్రంలో చెప్పారు. మూడో వేవ్ పిల్లల మీద పడుతుందని అందరికీ టెన్షన్ అప్పుడు. పిల్లాడు ఆసుపత్రిలో పడితే పక్కన ఉండాల్సింది తల్లే కదా. ఇంక చూడు, చంకలో పిల్లతో, చేతిలో పాలసీసాతో వచ్చేశారు. జూన్ 20న రాష్ట్రం మొత్తం మీద ఒక్కరోజులో 13 లక్షలు దాటాయి. బాబూ, ఆడవాళ్ల లెక్క పెరగడానికి ఇదీ ఒక కారణం.

కొత్తగా పెళ్లయినవాళ్లు మాత్రం గుసగుసగా అడిగేవారు, నెలసరి తప్పుతుందా, పిల్లలు పుట్టరా అని. అందరిముందూ అడగరు. పేరు రాసుకునేటప్పుడు వంగి చెవిలో అడుగుతారు. అక్కడ మగ కుర్రాడు కూర్చుని రాస్తుంటే ఆ ప్రశ్న నోటివరకు రాదు, మనిషి మాత్రం వెనక్కి వెళ్లిపోతుంది.

ఇంకొకటి. ఇంట్లో ఫోన్ ఎవరి దగ్గర ఉంటుందో అడుగు. "రేపు మీ రెండో డోసు" అని మెసేజ్ వెళ్తుంది. అది మొగుడి జేబులో ఉంటుంది, మొగుడు చేపల వేటకి వెళ్లి ఉంటాడు.

నిర్వాహకుడు | రాత్రి 10:05

ఏ ప్రభుత్వం బాగా వేసింది, ఎవరు సర్టిఫికెట్ మీద ఫొటో వేసుకున్నారు అనే పోస్టులు ఆరు తీసేశాను. దానికి వేరే చర్చ ఉంది, అక్కడ కొట్టుకోండి.

తణుకు తల్లి | ఆగస్టు 5, ఉదయం 8:20

పాత సంగతులు సరే, నాది ఇప్పటి సమస్య. పాపకి 12 ఏళ్లు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకా వేయించమని పిల్లల డాక్టరు అన్నారు. 9 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకి దీన్ని ప్రోత్సహిస్తామని 2024 ఫిబ్రవరి బడ్జెట్‌లో కూడా చెప్పారు. 2020 అంచనాల ప్రకారం మన దేశంలో ఏడాదికి లక్షా ఇరవై వేలకు పైగా కొత్త కేసులు, 77 వేల చావులు. నేను డిగ్రీ, మా ఆయన ఇంజనీరు, డబ్బుకి ఇబ్బంది లేదు. మా అత్తగారు "పెళ్లి కావలసిన పిల్లకి అలాంటి టీకా ఏంటి, నలుగురికీ తెలిస్తే ఏమనుకుంటారు" అంటున్నారు. మా ఆయన ఎటూ మాట్లాడరు. ఇంతకీ నా సంగతి మీ ప్రాజెక్టులో ఏ గడిలో పడుతుందమ్మా?

భద్రాద్రి వాసి | ఉదయం 10:45

తల్లిగారూ, టీకా మంచిదే, మా అమ్మాయికీ వేయించాను. కానీ మా వైపు దీనికో చరిత్ర ఉంది, తెలిసి ఉండటం మంచిది. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకి ప్రాజెక్టు కింద హెచ్‌పీవీ టీకాలు వేశారు. చాలామంది హాస్టళ్లలో ఉండే గిరిజన పిల్లలు. కొందరు చనిపోవడంతో 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. ఆ మరణాలకి టీకా కారణం కాదని విచారణ కమిటీ తేల్చింది. కానీ సమ్మతి పత్రాల మీద తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారని బయటపడింది. పార్లమెంటరీ సంఘం 2013లో దాన్ని గట్టిగా తప్పుపట్టింది.

మందులో తప్పు లేదు. అడగకుండా వేయడంలో ఉంది. ఆ ఊళ్లలో ఇప్పటికీ "బళ్లో టీకా" అంటే తల్లులు లేచి నిలబడతారు. పై నుంచి చూసేవాళ్లకి "గిరిజనులు, చదువు తక్కువ, వెనకాడుతున్నారు" అని కనబడుతుంది. గోదారి మీకంటే ముందు మా ఊరు దాటి వస్తుంది, ఈ సంగతులు కూడా మీదాకా వచ్చే ఉంటాయి.

డేటా బాబు | ఉదయం 11:20

ఇది నాకు తెలియదు. థాంక్స్ అండి.

తల్లిగారూ, 9 నుంచి 14 ఏళ్ల వాళ్లకి ఒకటి లేదా రెండు డోసులు చాలని 2022 డిసెంబరు నుంచి డబ్ల్యూహెచ్ఓ మాట. ఎంత చిన్నవయసులో వేస్తే అంత బాగా పనిచేస్తుంది. అత్తగారికి "పెళ్లి" మాట ఎత్తకుండా "క్యాన్సర్ టీకా" అని చెప్పి చూడండి.

పాలకొల్లు పిల్ల | మధ్యాహ్నం 12:40

మా బాబాయి కథకి కొసమెరుపు ఉంది. 2024 మేలో కోవిషీల్డ్ వార్తలు వచ్చాయి కదా, చాలా అరుదుగా రక్తం గడ్డకట్టే అవకాశం ఉందని ఆస్ట్రాజెనెకా బ్రిటన్ కోర్టులో ఒప్పుకుందని. ఆ రోజు అందరికీ ఫోన్ చేసి "చెప్పానా లేదా" అన్నాడు. ఆ అరుదైన ప్రమాదం సంగతి యూరప్ మందుల సంస్థ 2021 ఏప్రిల్‌లోనే బయటపెట్టింది బాబాయ్ అంటే "మరి అప్పుడు మనకెవరు చెప్పారు?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. నిజంగానే మా ఊళ్లో ఎవరూ చెప్పలేదు.

ప్రశ్నాపత్రం చింపి మళ్లీ రాస్తున్నాను. వయసు, చదువు, ఆదాయం ఉంచాను. కొత్తగా చేర్చినవి: టీకా మర్నాడు పనికి వెళ్లకపోతే ఇల్లు గడుస్తుందా? ఇంట్లో ఫోన్ ఎవరి దగ్గర ఉంటుంది? ఇదివరకు మీ పిల్లలకి టీకా వేసేముందు మిమ్మల్ని అడిగారా? "నిరాకరించారు" గడి తీసేసి, అక్కడ వాళ్లు ఏమంటే అది రాసుకోవడానికి నాలుగు గీతలు వదిలాను. మా మేడమ్ "ఈ గీతల్ని లెక్కల్లోకి ఎలా తెస్తావ్" అన్నారు. అది డేటా బాబు గారే చెప్పాలి.

డేటా బాబు | మధ్యాహ్నం 1:05

పంపించండి, చూస్తాను. అన్నీ ఒకే కుప్ప పోయకండి. వయసుని పనితో కలిపి చూడండి. 50 ఏళ్ల కూలి మనిషి, 50 ఏళ్ల పెన్షనరు ఒకే వరసలో ఉంటే ఏమీ తేలదు.

రిటైర్డ్ మాష్టారు | మధ్యాహ్నం 1:30

50 ఏళ్లకి పెన్షనరా! ఏ డిపార్టుమెంటు నాయనా?

లంక నర్సమ్మ | రాత్రి 8:55

పిల్లా, ఎల్లుండి బుధవారం, పిల్లల టీకాల రోజు. కాగితాలు పట్టుకుని మా లంకకి వచ్చెయ్. గోదారి ఇంకా ఎర్రగానే ఉంది, మొదటి నావ ఏడుంపావుకి, అది తప్పితే తొమ్మిదింటిదాకా లేదు. రేవులో బురద, చెప్పులు చేత్తో పట్టుకోవాలి. అంగన్‌వాడీ అరుగు మీద కూర్చుందాం. కిందటిసారి లేచి వెళ్లిపోయిందే, నలుగుర్ని కన్నావిడ, మనవరాలిని తీసుకుని వస్తానంది. ముందు ఆవిణ్ణి అడుగుదువు గాని. ఆ కాగితంలో "లింగం" అని ఉన్నచోట "ఆడ / మగ" అని మార్చుకుని రా, చదివి వినిపించేటప్పుడు నవ్వుతారు.